మందాకిని ముగింపు గోప్యతా ఉత్తర్వు

గోనె సంచుల ప్రమాణాల శాఖ అని ఒకటుందన్న సంగతి, అందులో పనిచేసే వాళ్ళ ఇళ్ళలో కూడా చాలామందికి తెలియదు. బియ్యం మిల్లు నుంచి బయటికి పోయే ప్రతి సంచీ ఇంత పొడవు, ఇంత వెడల్పు, అంగుళానికి ఇన్ని కుట్లు ఉండాలని ఎప్పుడో ఎవరో నిర్ణయించారు. ఉన్నాయో లేవో చూడడానికి గోదావరి ఒడ్డున ఒక పట్నంలో ప్రాంతీయ కార్యాలయం పెట్టారు. ఆ తరవాత మిల్లుల వాళ్ళు గోనె మానేసి ప్లాస్టిక్ సంచుల్లోకి దిగి చాలా కాలమైంది గానీ, ఆ సమాచారం కార్యాలయానికి లిఖితపూర్వకంగా అందలేదు. అందువల్ల అరవై ఎనిమిది మంది రోజూ పదిన్నరకి వచ్చి ఐదింటికి ఇంటికి వెళుతున్నారు.

వాళ్ళలో వీరవేణి ఒకతె. సీనియర్ అసిస్టెంటు. బయటి నుంచి వచ్చే ప్రతి కాగితాన్నీ చదివి, సారాంశం ఒక్క ముక్కలో రిజిస్టరులో ఎక్కించి, నంబరు వెయ్యడం ఆవిడ పని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని కావడంతో, అక్షరం కంట పడితే చదవకుండా ఉండలేని స్థితికి వచ్చేసింది. పకోడీలు తెచ్చుకుంటే ముందు పొట్లం చదివి, తరవాత పకోడీ తింటుంది. ఈ అలవాటు వల్ల ఆవిడకి ఎప్పుడూ ఏ నష్టమూ కలగలేదు, మందాకిని వ్యవహారం వచ్చేదాకా.

వీరవేణి భర్త రైల్వే గార్డు. వారంలో నాలుగు రోజులు బండి మీదే ఉంటాడు. ఇంట్లో మిగిలేది ఆవిడా, అత్తగారు అప్పాయమ్మా. ఇద్దరికీ గొడవలేం లేవు. గొడవ పడాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా! పెళ్ళయిన పదకొండేళ్ళూ వాళ్ళ సంభాషణ మొత్తం ఇది: "ఉప్పు చాలిందా అత్తయ్యా?" "చాలింది." ఆదివారాలు మాత్రం పప్పులో పులుపు గురించి కూడా ఒక మాట ఉండేది.

పన్నెండో ఏట టీవీలో 'మేడ మీద మందాకిని' మొదలైంది.

పెళ్ళిపీటల మీద పానకం తాగి ప్రాణం వదిలిన మందాకిని, దయ్యమై పుట్టింటి మేడ మీది గదిలో ఉండిపోతుంది. ఆమె ఆ ఇంటి చిన్న కోడలు శారికకి తప్ప ఎవరికీ కనపడదు. పానకంలో విషం కలిపిందెవరు? అది తెలిశాక మందాకిని మేడ దిగి వెళ్ళిపోతుందా, ఉంటుందా? ఈ రెండు ప్రశ్నల మీద మూడేళ్ళు నడిచింది. ఆరువందల పన్నెండు ఎపిసోడ్లు. వంటమనిషి చిట్టెమ్మ మీద అప్పాయమ్మకి మొదటి రోజు నుంచే అనుమానం. "ఆ కళ్ళు చూడవే వేణీ, గరిట పట్టుకునే కళ్ళేనా అవి?" అనేది. వీరవేణికి మేనమామ మీద అనుమానం. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: ఇంటి పెద్ద, తహసీల్దారుగా పనిచేసే పెదనాన్న విశ్వంభరం దేవుడిలాంటి మనిషి. ఆయన తెర మీదికి వస్తే అప్పాయమ్మ చాపుకున్న కాళ్ళు ముడుచుకునేది.

రోజూ ఏడున్నరకి సీరియల్, ఎనిమిదింటికి దాని మీద చర్చ, అన్నాలు తింటూ ఇంకాస్త చర్చ. అలా మందాకిని పుణ్యమా అని ఆ ఇంట్లో మాటలు పుట్టాయి. చర్చలో పడి అప్పాయమ్మ తన పెళ్ళి గురించి చెప్పింది, చిన్నప్పుడు పోయిన చెల్లెలి గురించి చెప్పింది. వీరవేణి ఆఫీసులో తనకి ప్రమోషను తప్పిపోయినప్పుడు ఎంత ఏడ్చిందో చెప్పింది.

ఇప్పుడు మొదటి భాగం ముగింపు వచ్చింది. శుక్రవారం సాయంత్రం గంటన్నర పాటు వేస్తామని నెల రోజుల నుంచి ఊదరగొట్టారు. సరిగ్గా ఆ ముందురోజు, గురువారం నాడు అప్పాయమ్మ కంటికి శుక్లాల ఆపరేషను పడింది. పది రోజులు టీవీ వైపు తల తిప్పకూడదన్నాడు డాక్టరు.

"నేను లేకుండా చూసెయ్యకే," అంది అప్పాయమ్మ, కంటి మీద కట్టుతో మంచం మీద పడుకుని. "నువ్వు చూసి నాకు చెబుతానంటావేమో, నాకొద్దు. చూస్తే ఇద్దరం కలిసే చూడాలి."

పద్నాలుగేళ్ళలో అత్తగారు కోడల్ని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. వీరవేణి ఆ ముగింపుని రికార్డు చేసి పెట్టింది. పది రోజులు, అంటే పై ఆదివారం దాకా ముగింపు తన చెవిన పడకూడదు. పడితే అత్తయ్య పక్కన కూర్చుని దొంగ ఆశ్చర్యం నటించాలి. పైగా సీరియలే అయిపోతోంది. మందాకిని మేడ మీదే ఉండిపోతేనే రెండో భాగం ఉంటుందట. దాని తరవాత మళ్ళీ ఉప్పు దగ్గరికే వెళ్ళిపోతామేమోనని ఆవిడకి లోపల దిగులుగా ఉంది. ఆఖరి సాయంత్రమైనా ఏ మచ్చా లేకుండా ఉండాలని కోరుకుంది. ఇందులో అత్యాశ ఏముంది?

సోమవారం చెవుల్లో దూది పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. లాభం లేకపోయింది. పదకొండింటికి లెక్కల గుమస్తా టైపిస్టు బల్ల దగ్గర నిలబడి, "చూశారా, అసలు విషం కలిపింది..." అని మొదలుపెట్టాడు. టైపిస్టు కూడా ఇంకా చూడలేదు. ఆవిడ మరో ఆలోచన లేకుండా చేతిలో ఉన్న పులిహోర డబ్బా అతని మీదికి విసిరింది. గుమస్తా ఒడుపుగా పక్కకి తప్పుకున్నాడు. డబ్బా వెళ్ళి, మర్నాడు ప్రధాన కార్యాలయానికి పంపాల్సిన 'సంచుల కుట్ల వార్షిక నివేదిక' మీద బోర్లా పడింది. అప్పటికే వీరవేణి వరండా దాటి, సైకిళ్ళ షెడ్డులో ఉంది.

పసుపు మరకల నివేదిక ఉప సంచాలకులు గున్నేశ్వరరావు గారి బల్ల మీదికి చేరింది. గున్నేశ్వరరావు గారు టీవీ చూడరు. ఆయన మాట్లాడినా కాగితం చదివినట్టే ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా "త్వరితగతిన" అంటారని వాళ్ళావిడ బాధ.

"ఈ మందాకిని యను వ్యక్తి ఏ సెక్షను?" అని అడిగారు ఆయన.

సూపరింటెండెంటు అబ్బులు గారు వివరంగా చెప్పారు. గున్నేశ్వరరావు గారు కళ్ళు మూసుకుని విని, ఉత్తర్వు చెప్పి రాయించారు: "కార్యాలయ ఆవరణమున సదరు ధారావాహిక ముగింపును ఎవరునూ, ఎవరికినీ, మాటచేగాని, రాతచేగాని, సైగచేగాని వెల్లడించరాదు. ఉల్లంఘించినచో శాఖాపరమైన చర్యలకు బాధ్యులగుదురు."

ఆ మాట వినగానే వీరవేణికి ప్రాణం లేచొచ్చింది. మొదటిసారిగా గున్నేశ్వరరావు గారు మంచివారనిపించింది. మంగళవారం పొద్దున్న ధైర్యంగా దూది తీసేసింది కూడా.

కానీ అబ్బులు గారు ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవారు. ఆయనకో సందేహం వచ్చింది. "అయ్యా, ఏది చెప్పకూడదో ఉత్తర్వులో లేదండి. రేపెవడైనా 'నేను చెప్పింది ముగింపు కాదు, మధ్యలోది' అని వాదిస్తే మనం నిలబడం."

గున్నేశ్వరరావు గారు కలం కింద పెట్టారు. "వాస్తవము. నిషిద్ధ విషయమును నిర్వచింపని నిషేధము చెల్లనేరదు. ముగింపును యథాతథముగా అనుబంధము రూపమున ఉత్తర్వుకు జతపరచుడు. సిబ్బంది యావన్మందీ చదివి సంతకము చేయవలెను."

"ఇంకా చూడని వాళ్ళున్నారండి..."

"వారు మరింత శ్రద్ధగా చదువవలెను. తాము ఏమి తెలుసుకొనరాదో వారికి స్పష్టముగా తెలిసియుండవలెను గదా?"

అబ్బులు గారికి అందులో తప్పేం కనపడలేదు. ముసాయిదా రాసి లోపలికి పంపారు. గున్నేశ్వరరావు గారు దాన్ని గంటసేపు దగ్గర పెట్టుకుని, పచ్చ సిరాతో దిద్ది బయటికి పంపారు. మధ్యాహ్నానికల్లా అనుబంధం నోటీసు బోర్డుకి ఎక్కింది, గేటుకి ఎక్కింది, మంచినీళ్ళ కుండ మీదికీ ఎక్కింది.

వీరవేణి ఆ రోజు నీళ్ళు తాగలేదు. నేల చూసుకుంటూ నడిచింది. ఉత్తర్వు కాపీ కూడా రిజిస్టరులో ఎక్కించడానికి ఆవిడ బల్ల దగ్గరికే వచ్చింది. ప్యూను లోవరాజు జాలిపడి దాన్ని బోర్లా పెట్టి వెళ్ళాడు. ఆవిడ వెనక వైపే నంబరు వేసి, పంతొమ్మిదేళ్ళ సర్వీసులో మొదటిసారి సారాంశం గడిలో 'తెలియదు' అని రాసింది.

ఆశ్చర్యమేమిటంటే, అనుబంధం చదివిన వాళ్ళు కూడా అదోలా అయిపోయారు. చదివినవాడు ఒకసారి కనుబొమలెత్తి, పక్కవాడి మొహం చూసి, చప్పుడు చెయ్యకుండా సంతకం పెట్టి వెళ్ళిపోతున్నాడు. ఉత్తర్వుకి ఇంత విలువిస్తారని వీరవేణి అనుకోలేదు.

బుధవారం సంతకాల కాగితం ఆవిడ దగ్గరికి వచ్చింది. చదవకుండా సంతకం పెట్టబోయింది. అబ్బులు గారు పట్టుకున్నారు. "'చదివి అర్థము చేసుకొంటిని' అనుందమ్మా అక్కడ. అబద్ధం మీద సంతకం పెడతారా? ఉద్యోగం పోద్ది."

"అయితే నాకు మినహాయింపు ఇప్పించండి సార్. మా అత్తయ్యకి మాటిచ్చాను."

అబ్బులు గారు మెత్తబడి దరఖాస్తు రాయించుకున్నారు. మినహాయింపు కావాలంటే ఆవిడ నిజంగానే చూడలేదని రుజువు కావాలి. అందుకు ముగ్గురు సభ్యులతో 'అవీక్షణ నిర్ధారణ సంఘం' ఏర్పడింది. గురువారం పదకొండు గంటలకి గున్నేశ్వరరావు గారి అధ్యక్షతన విచారణ మొదలైంది.

"విషము కలిపినది ఎవరో మీకు తెలియునా?" అని అడిగారు ఆయన.

"తెలీదండి."

"ఆ వ్యక్తి పేరు ఇప్పుడు చదివెదము. విని, ఆశ్చర్యము కలిగినదో లేదో చెప్పుడు. కలిగినచో మీరు చూడలేదని రుజువగును."

"వద్దండి బాబోయ్!" అని వీరవేణి రెండు చెవులూ మూసుకుంది.

సంఘం తర్జనభర్జన పడింది. చెవులు మూసుకోవడం అవీక్షణకి సాక్ష్యంగా తీసుకోవచ్చా అని ఒక సభ్యుడు, చూసేసి కూడా మూసుకోవచ్చు కదా అని ఇంకో సభ్యుడు అరగంట వాదించుకున్నారు.

"పోనీ, ఎవరయి ఉండవచ్చునని ఊహించుచున్నారు?" అన్నారు గున్నేశ్వరరావు గారు చివరికి.

"మేనమామండి."

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "ఈమె చూడలేదు," అని ముక్తకంఠంతో తీర్మానించారు.

ధ్రువపత్రం చేతికొచ్చింది. ఆదివారం రాత్రి వరకు చెల్లుతుంది. కానీ ధ్రువపత్రంతో పాటు షరతులు కూడా ఉన్నాయి. ఒకటి, 'వీక్షించలేదు' అని రాసిన అట్టముక్క మెడలో వేసుకోవాలి. రెండు, ఆవిడ బల్ల చుట్టూ పచ్చ గుడ్డతో తెర కట్టాలి. మూడు, ఆవిడ సీటు లేచి ఎటు వెళ్ళినా లోవరాజు ముందు గంట వాయిస్తూ నడవాలి, సిబ్బంది నోళ్ళు మూసుకోవడానికి వీలుగా. లోవరాజు వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు. సత్యనారాయణ వ్రతంలో వాడే గంట ఇంటి నుంచి తెచ్చుకున్నాడు.

"మీకేంటండి మేడంగారూ, అమ్మవారి ఊరేగింపులా ఉందండి, ఆయ్," అన్నాడు.

వీరవేణికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బాత్రూముకి వెళ్ళాలన్నా గంట మోగాల్సిందే. మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగడమే మానేసింది. అయినా పంటి బిగువున ఓర్చుకుంది. ఇంకొక్క శుక్రవారం గడిస్తే చాలు. రెండో శనివారం సెలవు, ఆ పై ఆదివారం.

ఇంటికి వెళ్ళగానే అప్పాయమ్మ అడిగింది. "ఎవరూ ఏం చెప్పలేదు కదే?"

"లేదత్తయ్యా."

"నాకూ అంతే. మందు చుక్కలు వేసే పిల్ల నోరు తెరవబోతే, నీ పుణ్యముంటుంది వెళ్ళవే తల్లీ అని పంపేశాను."

శుక్రవారం ఉత్తర్వుకి సవరణ వచ్చింది. కార్యాలయానికి వచ్చే ప్రజలు కూడా ఆవరణలో ముగింపు చెప్పే ప్రమాదముంది కాబట్టి, వచ్చిన ప్రతివారూ అనుబంధం చదివి సంతకం చేశాకే లోపలికి రావాలి. మధ్యాహ్నం మూడింటికి పాపారాయుడు గారు వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, పాత రైస్ మిల్లు యజమాని. సంచుల ధ్రువపత్రం కోసం పదిహేనేళ్ళుగా వస్తున్నారు.

"నాకు టీవీ లేదయ్యా," అన్నారాయన.

"అయితే మీకు ముగింపు తెలీదన్నమాట. తెలీకపోతే పొరపాటున చెప్పేసే ప్రమాదం ఉంది," అన్నారు అబ్బులు గారు. "ముందు చదవండి."

వీరవేణి తెర వెనక రిజిస్టరు రాసుకుంటోంది. మూడు అడుగుల అవతల పాపారాయుడు గారు కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మీద వేలు ఆనించారు. ఎవరికీ తెలియని సంగతేమిటంటే, ఆయన మూడో తరగతిలో నేర్చుకున్న చదువు నేర్చుకున్నట్టే ఉంది. పైకి చదివితేనే ఆయనకి అర్థమవుతుంది.

"అ... ను... బంధము," అని మొదలుపెట్టారు, మిల్లు మోతలో కూడా వినపడేలా అలవాటైన గొంతుతో. "ఒకటి. పానకములో విషము కలిపిన వ్యక్తి, సదరు గృహమున వంట విధులు నిర్వర్తించు చిట్టెమ్మ అని తేలినది!"

లోవరాజు గంట కోసం పరిగెత్తాడు.

"రెండు. తదుపరి సదరు మందాకిని మేడపై గదిని స్వచ్ఛందముగా ఖాళీ చేసి, గృహస్థులకు స్వాధీనపరచి, శాశ్వతముగా వెడలిపోయినది!"

గంట గణగణా మోగింది. అప్పటికే అయిపోయింది.

"అయ్యో పాపం, వెళ్ళిపోయిందా?" అన్నారు పాపారాయుడు గారు, కళ్ళజోడు తీసి. "నెమ్మదైన పిల్లలా ఉందే!"

తెర వెనక వీరవేణి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఎనిమిది రోజులు కాపాడుకున్నది ఎనిమిది క్షణాల్లో పోయింది. విషం కలిపింది చిట్టెమ్మట. అత్తయ్య అనుమానమే నిజమైందట. ఆ సంతోషం అత్తయ్యతో కలిసి పడాల్సింది పోయి, బియ్యం మిల్లాయన నోట వినాల్సి వచ్చింది. మందాకిని కూడా వెళ్ళిపోయిందట. ఇంక రెండో భాగం కూడా ఉండదు.

తెర తొలగించి టైపిస్టు తొంగి చూసింది. ఆవిడ బుధవారం నాడే అనుబంధం చదివి, ఆ సాయంత్రమే ఇంట్లో ముగింపు చూసేసిన మనిషి. ఏదో చెప్పబోయి, గోడ మీది ఉత్తర్వు చూసి నోరు మూసుకుంది. లెక్కల గుమస్తా వచ్చి అలాగే వెళ్ళిపోయాడు. లోవరాజు మాత్రం గంట చంకన పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఏడవకండి మేడంగారూ. అది మరి..." అని గొంతు తగ్గించాడు. మళ్ళీ గున్నేశ్వరరావు గారి గది వైపు చూసి, "ఏం లేదండి. ఆదివారం నాడు చూడండి. మానకుండా చూడండి, ఆయ్," అన్నాడు.

శనివారమంతా వీరవేణి పరధ్యానంగా తిరిగింది. నిజం చెప్పేద్దామా అని రెండుసార్లు అత్తగారి మంచం దాకా వెళ్ళింది. అప్పాయమ్మ వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంటోంది. చెప్పడానికి మనసు రాలేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ "అమ్మో, చిట్టెమ్మా!" అని రకరకాలుగా అని చూసుకుంది. ఒక్కటీ నమ్మేలా రాలేదు.

ఆదివారం సాయంత్రం అప్పాయమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది కూడా. వీరవేణి రెండు గ్లాసులతో టీ తెచ్చి, గుండె రాయి చేసుకుని రిమోటు నొక్కింది.

గంట గడిచింది. హాలులో అందరూ చేరి ఉండగా చిట్టెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇదే సమయమనుకుని వీరవేణి సాధన చేసినదంతా వదిలింది. "అమ్మో, చిట్టెమ్మా! మీరన్నది నిజమేనత్తయ్యా!"

"ఆగవే, అదేం చెప్పలేదింకా," అని విసుక్కుంది అప్పాయమ్మ.

మెట్ల మీంచి మందాకిని దిగింది. మొదటిసారి ఇంట్లో అందరికీ కనపడింది. నేరుగా చిట్టెమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె కన్నీళ్ళు తుడిచి, వెనక్కి తిరిగింది. పడక్కుర్చీలో పెదనాన్న విశ్వంభరం ఉన్నాడు. "నా పేర ఉన్న ఇంటికి దొంగ పట్టా పుట్టించారు. నేను చూశానని తెలిసి, మీ చేత్తో పానకం ఇచ్చారు," అంది. తహసీల్దారు గారి చేతిలో కళ్ళజోడు జారి కింద పడి పగిలింది.

వీరవేణి చేతిలో టీ గ్లాసు కూడా పడింది. ఆవిడ వేసిన కేక పక్కవాటా వాళ్ళకి వినపడింది. సాధన చేసిన దానికీ దీనికీ పోలికే లేదు.

"ఓరి దుర్మార్గుడా!" అని అప్పాయమ్మ కుర్చీలోంచి లేచింది. "వీడి కోసమా నేను మూడేళ్ళు కాళ్ళు ముడుచుకు కూర్చుంది!" అని మళ్ళీ కూర్చుని, టీవీ వైపు రెండు కాళ్ళూ బారజాపింది.

"మరి... మరి చిట్టెమ్మ కాదా అత్తయ్యా? చిట్టెమ్మ కాదూ?" వీరవేణి అదే మాట తిప్పి తిప్పి అడుగుతోంది. ఆవిడకి నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది.

తెర మీద వాకిలి తెరుచుకుని తెల్లటి వెలుగు వచ్చింది. మందాకిని దాని వైపు నాలుగడుగులు వేసింది. "వెళ్ళిపోతావా వదినా?" అంది శారిక. మందాకిని ఆగింది. "రోజూ ఓసారి మేడ ఎక్కి కబుర్లు చెబుతానంటే ఉంటాను," అని, వచ్చిన దారినే మెట్లెక్కింది.

"కంట్లో నీళ్ళు రాకూడదన్నాడు డాక్టరు," అంది అప్పాయమ్మ, అద్దాల కింద కొంగుతో అద్దుకుంటూ. వీరవేణి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని అత్తగారి మోకాలికి తలానించింది. అలా ఎప్పుడూ కూర్చోలేదు.

సోమవారం పొద్దున్నే వీరవేణి ఉత్తర్వు ఫైలు తీసింది. అబ్బులు గారి అసలు ముసాయిదా శుభ్రంగానే ఉంది: 'విషము కలిపినది తహసీల్దారు విశ్వంభరం. మందాకిని మేడపైననే ఉండిపోయినది.' దాని పక్కన మార్జినులో పచ్చ సిరా.

'ఒక ప్రభుత్వాధికారిని హంతకునిగా ప్రభుత్వ ఉత్తర్వునందు పేర్కొనుట శాఖ గౌరవమునకు భంగకరము. వంటమనిషిగా సవరించవలెను.' దాని కింద ఇంకోటి. 'అనుమతి లేనిదే పరుల గృహమున నివసించుట ఆక్రమణ క్రిందికి వచ్చును. దానిని కార్యాలయము ఆమోదించినట్లు కనపడరాదు. ఖాళీ చేసినట్లుగా సవరించవలెను.'

ఆవిడ ఫైలు పట్టుకుని అబ్బులు గారి దగ్గరికి వెళ్ళింది. "ఇది తప్పని అందరికీ తెలుసా సార్?"

అబ్బులు గారు ఉత్తర్వులో నాలుగో పేరా మీద వేలు పెట్టారు. 'ముగింపు అనుబంధమున ఉన్నట్లు కాదు అని చెప్పుటయు వెల్లడియే అగును.' అరవై ఏడు మంది చదివారు, కనుబొమలెత్తారు, సంతకం పెట్టారు.

పన్నెండింటికి గున్నేశ్వరరావు గారు పిలిచారు. "మీ ధ్రువపత్రము గడువు ముగిసినది. వీక్షించితిరా?"

"చూశానండి."

"ముగింపు మన అనుబంధము ప్రకారమే ఉన్నది గదా?"

వీరవేణి ఆయన మొహంలోకి చూసింది. ఆయన నిజంగానే అడుగుతున్నారు. వారం రోజులుగా అరవై ఏడు సంతకాలు చూసి చూసి, తన పచ్చ సిరా మాటే జరిగిందని ఆయనకి నమ్మకం కుదిరిపోయింది. పది రోజుల కింద అయితే ఆవిడకి ఒళ్ళు మండేది. ఇప్పుడు ఈ మనిషి రాసిన అబద్ధం వల్లే కదా నాకు ఆదివారం దక్కింది అనిపించింది.

"ఆ సంగతి చెప్పకూడదు కదండి," అంది.

"భేష్!" అన్నారు గున్నేశ్వరరావు గారు. "ఉత్తర్వు యొక్క ఆశయమును గ్రహించినవారు మీరొక్కరే."

వీరవేణి అనుబంధం ఆసాంతం చదివి, అరవై ఎనిమిదో సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఏడున్నర అయింది. అలవాటు కొద్దీ ఇద్దరూ టీవీ ముందుకి వచ్చి కూర్చున్నారు. టీవీ పెట్టలేదు. రెండో భాగం ఆరు నెలలకి గానీ రాదట. ఇద్దరూ లేచి అన్నాలకి కూర్చున్నారు.

"ఉప్పు చాలిందా అత్తయ్యా?" అంది వీరవేణి.

"చాలింది," అంది అప్పాయమ్మ.

నాలుగు ముద్దలు మాటల్లేకుండానే తిన్నారు. అప్పుడు అప్పాయమ్మ కొత్త కన్ను, కొక్కేనికి వేలాడుతున్న ఆఫీసు సంచీ మీద పడింది. సంచీలోంచి దారం కట్టిన అట్టముక్క ఒకటి బయటికి వేలాడుతోంది. దాని మీది అక్షరాలు కూడబలుక్కుంది.

"వీక్షించ... లేదు. ఇదేంటే? మెళ్ళో వేసుకునేదిలా ఉందే!"

"మెళ్ళో వేశారత్తయ్యా. నేను నడుస్తుంటే ముందర గంట కూడా వాయించారు."

"గంటా? ఎందుకే?"

"అది చెప్పాలంటే చాలా ఉంది."

అప్పాయమ్మ కంచం పక్కకి జరిపి, గోడకి చేరగిలబడింది. "మనకేం తొందర? మొదట్నుంచీ చెప్పు."

"సోమవారం పొద్దున్న పదకొండయింది," అని మొదలుపెట్టింది వీరవేణి. "మా లెక్కల గుమస్తా వచ్చి టైపిస్టు బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆవిడ చేతిలో పులిహోర డబ్బా ఉంది..."

"ఆగాగు," అంది అప్పాయమ్మ, గొంతు తగ్గించి. "ఆ పులిహోర కలిపిందెవరు?"